అడంగల్లో లేని పెరడు

మా ఇంట్లో తద్దినం వంటకి మిరపకాయ పనికిరాదు. కారానికి మిరియాలే వాడాలి. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్టు ఆ రోజు వంటింటి గడప తొక్కవు. అరటికాయ, కంద, చేమదుంప, కాకరకాయ, అల్లం, కరివేపాకు, కొబ్బరి, నువ్వులు, మినుములతోనే విస్తరి నిండాలి. ఎందుకలా అనడిగితే మా మామ్మ “పితృదేవతలు ముట్టరు” అని తేల్చేసేది. ఆవిడ మాటలో నాకు బోలెడంత చరిత్ర కనిపిస్తుంది. ఐదువందల ఏళ్ళ కిందట పోయిన మా పెద్దల్లో ఎవరికీ మిరపకాయ రుచి తెలీదు మరి! ఉల్లి, వెల్లుల్లి సంగతి వేరు. అవి మన దేశంలో పాతవే, నిషేధానికి కారణాలు ఇంకేవో ఉన్నాయి. తక్కినంతవరకు తద్దినం జాబితా అంటే పోర్చుగీసు ఓడలు రాకముందు మన పెరట్లో ఏముండేదో రాసిపెట్టిన చిట్టాయే.

అలాంటి చిట్టా సర్కారు కాగితాల్లో ఎక్కడా దొరకదు. ఈ మాట నేను ధైర్యంగా అనగలను. మా నాన్న తూర్పుగోదావరిలో కరణం. 1984 జనవరిలో కరణీకాలు రద్దయ్యేదాకా ఆ పని చేశాడు. తర్వాత నేను రెవెన్యూ శాఖలో చేరి అడంగళ్ళ మధ్యే ఉద్యోగం వెళ్ళదీశాను. అడంగల్లో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం, శిస్తు, నీటి ఆధారం, వేసిన పైరు ఉంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలొచ్చాక ఏ చేలో వరి, ఏ తోపులో కొబ్బరి అన్నది ఫసలీ తర్వాత ఫసలీ నమోదవుతూనే వచ్చింది. ఊళ్ళో ఇళ్ళున్న జాగా మాత్రం గ్రామకంఠం. దానికి భూమిశిస్తు లేదు. శిస్తు లేని చోట ఏం మొలిస్తే సర్కారుకెందుకు? అజమాయిషీకి వచ్చిన అధికారి మా అరుగు మీద కూర్చుని, మా పెరటి దొండకాయ వేపుడు తిని, చేలలెక్క చూసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ దొండపాదు ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

కాబట్టి పెరటి చరిత్ర కావాలంటే వేరే చోట్ల వెతకాలి. కావ్యాల్లో కొంత దొరుకుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో వానాకాలపు ముసురులో రెడ్ల తిండి గురించి చెప్పాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో వండుకున్న కూర అది. రాజ్యం ఏలేవాడికి కలుపుమొక్కల పేర్లు ఇంత కచ్చితంగా తెలియడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. అదే కావ్యంలో విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకు పెట్టే భోజనంలో వరుగులు, వడియాలు ఉన్నాయి. అంటే ఎండల్లో కాసినదాన్ని కోసి ఆరబెట్టి ముసురుకి దాచుకునే పద్ధతి అప్పటికే స్థిరపడిందన్నమాట. మిరపకాయ ఊసు మాత్రం లేదు.

1498లో వాస్కోడగామా కోళికోడు చేరాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో మిరప మన తీరానికొచ్చింది. అది అంత తొందరగా ఎందుకు నిలదొక్కుకుందో పెరట్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. మిరియం మలబారు కొండల సరుకు. గోదావరి ఒడ్డున ఉన్నవాడు దాన్ని డబ్బు పెట్టి కొనాల్సిందే. మిరపనారు పెరట్లో నాటితే నాలుగు నెలల్లో ఇంటిల్లిపాదికీ కారం. జామ, బొప్పాయి కూడా ఇలాగే ఓడల్లో వచ్చి మనవైపోయాయి. జామపండు దేవుడి నైవేద్యానికి కూడా పనికొస్తోంది. టమాటాకి ఆ భాగ్యం ఆలస్యంగా పట్టింది. మావైపు రామములగ అని దేవుడి పేరు తగిలించినా, మామ్మ చాలాకాలం దాన్ని మడివంటలోకి రానివ్వలేదు.

మిరియాన్ని మావైపే పండించాలని కుంపిణీవారు కూడా చూశారు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో సామర్లకోట వచ్చాడు. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియపు తీగలు కనబడటంతో సామర్లకోటలో తోట వేశాడు. ఆ మిరియాల తోట నిలవలేదు. ఈనాడు మన దగ్గర మిరియం కావాలంటే అరకు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీద చూడాలి. కానీ రాక్స్‌బర్గ్ చేసిన మరో పని నిలిచింది. కోరమాండల్ తీరపు మొక్కలకి బొమ్మలు వేయించి, చాలావాటికి తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. 1789 నుంచి వరసగా వానలు లేక వచ్చిన కరువు చూశాక, కాలవగట్ల మీదా ఇళ్ళ చుట్టూ కొబ్బరి, అరటి, పనస, తాడి, ఈత లాంటివి నాటిస్తే వరి పోయినా జనం బతుకుతారని పైవాళ్ళకి రాశాడు. 1793లో కలకత్తా వెళ్ళిపోయాడు. పెరటిచెట్టుని ఆకలితో ముడిపెట్టి సర్కారుకి రాసినవాళ్ళలో నాకు తెలిసి ఆయనే మొదటివాడు.

ఆయనకి మిత్రుడూ మార్గదర్శీ యోహాన్ కోనిగ్. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. కరివేపాకు శాస్త్రీయనామంలో ఉన్న ‘కోనిగి’ ఆయన పేరే. ప్రతి పోపులోనూ ఆయన్ని తలుచుకుంటున్న సంగతి కాకినాడలో ఎంతమందికి తెలుసో!

సరే, దొరల కాగితాలు వదిలి పెరటి పనికొద్దాం. పెరడుకి ఎవరూ ప్రత్యేకంగా నీళ్ళు తోడిపోసేవాళ్ళు కాదు. నూతిపళ్ళెం దగ్గర స్నానాలు, గిన్నెలు, బట్టలు అయ్యాక ఆ నీళ్ళు ఒక చిన్న బోదెలోంచి పారేవి. బోదె మొదట్లో అరటి, తర్వాత చేమ, కంద, పక్కన బచ్చలి. ఆ చివర, తడి తక్కువ తగిలేచోట, వంగ, మిరప. నీళ్ళు నిలిస్తే చచ్చే మునగ, కరివేపాకు దడి వారగా మెరకన ఉండేవి. గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో కందబచ్చలి కూర అంత మామూలవడానికి, ఆ రెండూ ఒకే బోదెన పెరగడమే కారణమని నా నమ్మకం. బియ్యం కడుగు కుడితిలోకి, కుడితి గేదెకి, పేడ పెంటకుప్పకి, కుప్ప మాగాక పాదుకి. పొయ్యి బూడిద తెల్లవారుజామున మంచు తడి మీద దొండ, వంగ ఆకులపై చల్లితే పేను పట్టేది కాదు. విత్తనానికి వదిలిన బీరకాయ, ఆనపకాయ వంటింటి దూలానికి వేలాడేవి. పొగకి పురుగు చేరదు. ఏ కాయ ముదరనివ్వాలో, ఏ గింజ ఎవరి దగ్గర మంచిదో, ఆ లెక్కంతా ఆడవాళ్ళ చేతిలోనే ఉండేది. మా నాన్నకి ఊళ్ళో ప్రతి సర్వే నంబరూ కంఠతా వచ్చు గానీ తన పెరట్లో ఎన్ని దొండపాదులున్నాయో చెప్పలేడు.

ఆడవాళ్ళు రాసుకున్న దస్త్రం ఒకటుంది. దాన్ని మనం నోములు, పండగలు అంటున్నాం. ఆషాఢంలో మునగాకు తినాలి. మా ఇంట్లో తెలగపిండితో వండేవారు. శ్రావణ బహుళ అమావాస్యకి, పోలాల అమావాస్యనాడు, పిల్లల తల్లులు కందమొక్కని పెట్టి పసుపుకొమ్ము తోరం కట్టి పూజిస్తారు. వేసవి చివర పాతిన కంద అప్పటికి గొడుగులా ఆకు విప్పి ఉంటుంది. మాఘంలో రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టాలి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టాలి. చలికాలం చివర చిక్కుడుపాదు కాపు మీదుండే రోజులవి. భక్తి ఎవరికెంత ఉన్నా, ఈ వ్రతాల పుణ్యమా అని ప్రతి పెరట్లోనూ ఒక్క కందైనా, ఒక్క చిక్కుడుపాదైనా తప్పనిసరిగా ఉండేది. ఒకరింట విత్తనం పోతే పక్కింట దొరికేది.

ప్రభుత్వాలకి పెరడు గుర్తొచ్చింది తిండికి కటకట వచ్చినప్పుడే. 1942లో బర్మా జపాను చేతిలో పడి అక్కడి బియ్యం ఆగిపోయాక, ఆహారం ఎక్కువ పండించండని ప్రచారం మొదలైంది. 1965లో లాల్‌బహదూర్ శాస్త్రి ఢిల్లీలో తన బంగళా పచ్చిక తనే దున్నారు. కూనూరులో 1918లో చిన్నగా పుట్టి 1958లో హైదరాబాదుకి తరలిన జాతీయ పోషకాహార సంస్థ, మన పిల్లల రేచీకటికి ఎ విటమిను లోపమే మూలమనీ, తోటకూర, మునగాకు లాంటివి దానికి చవకైన మందనీ చెబుతూ వచ్చింది. 1970లో చిన్నపిల్లలకి ఆర్నెల్లకోసారి విటమిను చుక్కలు వేసే కార్యక్రమం వచ్చింది. చుక్కలు వేయడం తేలిక. మునగచెట్టుకి చోటు కావాలి.

ఆ చోటే అందరికీ లేదు. మా వీధి ఇళ్ళకి వెనక నుయ్యి, బోదె, అరటిగెల. పేటలో గుడిసె చుట్టూ బెత్తెడు జాగా, నుయ్యి లేదు. అక్కడి ఆడవాళ్ళు కూలికెళ్ళినప్పుడు చేలగట్ల మీద పొన్నగంటి, గంగపావిలి, గలిజేరు కోసుకొచ్చేవారు. గడపలో ఒక ఆనపపాదు పెట్టి తాటాకు కప్పు మీదికి పాకించేవారు. ఇంటికప్పు మీద కూరగాయ కాయించిన తొలి మనుషులు వాళ్ళే. ఆ ఘనత వాళ్ళకి ఎవరూ ఇవ్వలేదు. కప్పులు స్లాబులయ్యాక ఆ పాదు కూడా పోయింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచిన ఇళ్ళ పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48 గజాల చిల్లర. ఇల్లు కట్టాక అందులో కరివేపాకు మొక్కకి ఏ మూల మిగులుతుందో, కొలతలు వేసినవాడిగా నాకు అర్థం కాదు.

నేనిప్పుడు హైదరాబాదు ఉప్పల్లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడికి దగ్గర్లోనే నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద కూరగాయలు పెంచి, ‘మిద్దెతోట’ అని పుస్తకమే రాశారు. ఆయన్ని చూసి మొదలుపెట్టినవాళ్ళు చాలామంది. మా వీధిలోనూ రంగు డబ్బాల్లో వంకాయలు కాస్తున్నాయి, మడుల్లో గోంగూర ఉంది. చిక్కల్లా నీళ్ళతోనే. ఎండలు ముదిరితే ట్యాంకరు తెప్పించి మొక్కలకి పోస్తున్నారు. అదే ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు సింకులోంచి, తూములోంచి మూసీకి చేరుతున్నాయి. పీర్జాదిగూడ దిగువన ఆ నీళ్ళతోనే పశువుల గడ్డి, ఆకుకూరలు పండించి నగరానికి అమ్ముతారు. మన బోదె నీళ్ళు ఇప్పటికీ పాలకూరకే పోతున్నాయి, కాకపోతే దారిలో ఫ్యాక్టరీల మురుగూ, ఆసుపత్రుల మురుగూ కలుస్తోంది. బజారులో కట్ట కొన్నప్పుడల్లా మా ఆవిడ ఏ ఊరిదని అడుగుతుంది. శంకరపల్లి అంటారు, చేవెళ్ళ అంటారు. మూసీ పక్కదని చెప్పినవాడు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు.