వాహనంలో ఇన్వర్టరు.. లెక్క తప్పితే ఇక్కట్లే!

* సిగరెట్ లైటర్ సాకెట్‌కు వంద వాట్లు దాటితే ముప్పు
* ఇంజిన్ ఆపి వాడితే బ్యాటరీకి గండం
* రోగుల పరికరాలకు ప్రయాణానికి ముందే పరీక్ష తప్పనిసరి

దూర ప్రయాణాల్లో విద్యుత్తు అవసరం నానాటికీ పెరుగుతోంది. వ్యానుల్లో శబరిమలకు బయలుదేరే అయ్యప్ప భక్తులు, మేడారం జాతరకు కుటుంబ సమేతంగా తరలివెళ్లి గుడారాల్లో బస చేసేవారు, ముహూర్తాల కాలంలో ఊరూరా తిరిగే ఫొటోగ్రాఫర్లు, ఆయాసంతో బాధపడే వృద్ధులను వెంట తీసుకెళ్లే కుటుంబాలు.. వీరందరికీ దారిలో కరెంటు కావాల్సిందే. వాహనంలోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇంట్లో వచ్చే 230 వోల్టుల కరెంటును అందించే చిన్న పెట్టే పోర్టబుల్ ఇన్వర్టరు. సక్రమంగా వాడుకుంటే ఇది ఎంతో ఉపయోగకరం. వాహనం ఎంత ఇవ్వగలదు, పరికరం ఎంత అడుగుతుంది అన్న లెక్క చూసుకోకపోతే మాత్రం నిర్జన రహదారిపై బండి కదలకుండా నిలిచిపోవచ్చు. ఒక్కోసారి వైర్లు కాలి అగ్నిప్రమాదానికీ దారితీయవచ్చు.

పదితో భాగించండి

బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. ఇంటి పరికరాలకు కావాల్సింది సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తు. ఇన్వర్టరు ఈ మార్పు చేస్తుందే తప్ప కొత్తగా శక్తిని సృష్టించదు. పైగా మార్పిడిలో పది, పదిహేను శాతం వేడి రూపంలో వృథా అవుతుంది. వోల్టేజీ తక్కువగా ఉన్నందున బ్యాటరీ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగవలసి వస్తుంది. దీనికి తేలికైన లెక్క ఒకటుంది. పరికరం మీద రాసి ఉన్న వాట్లను పదితో భాగిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగే ఆంపియర్లు సుమారుగా తెలుస్తాయి. 60 వాట్ల ల్యాప్‌టాప్‌కు 6 ఆంపియర్లు, వంద వాట్లకు 10, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు వంద ఆంపియర్లు అవసరమన్నమాట.

సాకెట్‌కు హద్దు ఉంది

చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కు 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పై లెక్క ప్రకారం ఆ సాకెట్ నుంచి తీసుకోదగింది 100 నుంచి 150 వాట్లే. ల్యాప్‌టాప్, కెమెరా ఛార్జరు, చిన్న దీపం వంటివి ఈ హద్దులో ఇమిడిపోతాయి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ వంటివాటికి ఈ సాకెట్ ఏమాత్రం చాలదు. ఫ్యూజు పోయిందని అంతకన్నా పెద్దది వేయడం, తీగముక్క చుట్టడం అత్యంత ప్రమాదకరం. ఫ్యూజు ఉన్నది డ్యాష్‌బోర్డు లోపలి వైర్లను కాపాడేందుకు. అది పోకుండా చేస్తే కరిగేది వైర్లే.

అంతకు మించిన సామర్థ్యం కావాలంటే ఇన్వర్టరును నేరుగా బ్యాటరీకి కలపాలి. ఇందుకు మందమైన, పొట్టి రాగి కేబుళ్లు వాడాలి. బ్యాటరీకి అతి సమీపంలో తగిన ఫ్యూజు బిగించాలి. ఈ పనిని అనుభవజ్ఞుడైన ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. కొత్త వాహనమైతే వారంటీ నిబంధనలు ముందే చదువుకోవడం మేలు.

పెట్టె మీద అంకెతో మోసపోవద్దు

ఇన్వర్టర్ల మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వాట్లు తరచూ క్షణకాలం తట్టుకునే గరిష్ఠ సామర్థ్యమే అయి ఉంటాయి. నిరంతరంగా ఎన్ని వాట్లు ఇస్తుందన్నదే కొనుగోలుదారు చూడాల్సిన అంకె. మోటారున్న పరికరాలు తిరగడం మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ విద్యుత్తు లాగుతాయి. వాటికి ఆ మేరకు అదనపు సామర్థ్యం ఉండాలి.

ఇంజిన్ ఆపితే..

ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఆపిన మరుక్షణం నుంచి భారమంతా బ్యాటరీదే. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుంది. మళ్లీ సెల్ఫ్ అందుకోవాలంటే అందులో మూడో వంతుకు, అంటే 12 ఆంపియర్-అవర్లకు మించి వాడకపోవడం మంచిది. 6 ఆంపియర్లు లాగే ల్యాప్‌టాప్‌కు ఇది రెండు గంటలే. పాత బ్యాటరీ అయితే అంతసేపూ నమ్మలేం. వోల్టేజీ పడిపోతే ఇన్వర్టరే ఆగిపోతుంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. చాలా ఇన్వర్టర్లు పదిన్నర వోల్టుల దగ్గర ఆగుతాయి. అప్పటికే బండిని లేపే శక్తి బ్యాటరీలో మిగలదు.

ఏ పరికరం తగిలించకపోయినా ఇన్వర్టరు కొంత విద్యుత్తు తాగుతూనే ఉంటుంది. అర ఆంపియరు లాగే ఇన్వర్టరును ఒక రోజంతా అలాగే వదిలేస్తే 12 ఆంపియర్-అవర్లు హరించుకుపోతాయి. పని ముగియగానే స్విచ్ ఆపి, సాకెట్ నుంచి తీసేయాలి.

రోగులు వెంట ఉన్నప్పుడు

అసలు జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. చౌక ఇన్వర్టర్లు మెట్లుమెట్లుగా ఉండే మాడిఫైడ్ సైన్ వేవ్ విద్యుత్తును ఇస్తాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్లు సాధారణంగా దీన్ని భరిస్తాయి. కంప్రెసర్, మోటారు ఉన్న పరికరాలు మాత్రం వేడెక్కుతాయి, మోత పెడతాయి, ఒక్కోసారి పనిచేయవు. నెబ్యులైజరు, నిద్రలో శ్వాసకు తోడ్పడే సీప్యాప్ వంటి వాటికి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే శ్రేయస్కరం. ఇళ్లలో వాడే 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటరుకు సుమారు 300 వాట్లు, కొన్నింటికి అంతకుమించి కావాలి. అది సిగరెట్ లైటర్ సాకెట్ మీద నడవదు.

ఇంట్లో ఉండగానే ఇంజిన్ నడుపుతూ ఆరుబయట గంటసేపు పరికరాన్ని పరీక్షించాలి. శ్రీశైలం వెళ్లే నల్లమల అడవి దారిలో తొలిసారి ప్రయోగం చేయడం ప్రాణాలతో చెలగాటమే. ఒక్క ఇన్వర్టరు మీదే ఆధారపడకుండా బ్యాటరీతో నడిచే నెబ్యులైజరు గానీ, వైద్యుని సలహాతో ఆక్సిజన్ సిలిండరు గానీ వెంట ఉంచుకోవాలి.

లారీలు, బస్సులకు వేరు

భారీ లారీలు, బస్సుల్లో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. కార్ల కోసం చేసిన 12 వోల్టుల ఇన్వర్టరును వాటికి తగిలిస్తే కాలిపోతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే లాగడం కూడా సరికాదు. ఒకటి ఎండిపోతే మరొకటి అతిగా ఛార్జ్ అయి, రెండూ త్వరగా చెడిపోతాయి. 24 వోల్టుల ఇన్వర్టరునే అడిగి తీసుకోవాలి.

మరువరాని జాగ్రత్తలు

* ముందు ఇంజిన్, తర్వాత ఇన్వర్టరు, చివరగా పరికరం.. ఈ వరుసలోనే ఆన్ చేయాలి.
* ఇన్వర్టరు నుంచి వచ్చేది 230 వోల్టులు. ఇంటి కరెంటు లాగే ఇదీ ప్రాణాంతకం. తడి చేతులతో తాకరాదు. పిల్లలకు అందనీయరాదు.
* గాలి తగిలేచోట ఉంచాలి. సీటు కింద దుప్పట్లు, సంచుల మధ్య పెట్టరాదు. ఎండలో నిలిపిన కారులో వదలరాదు.
* ప్లగ్గు చేతికి కాలుతున్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయాలి.
* మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ ఇన్వర్టరు వాడరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
* నడిపేవారు ప్రయాణంలో దాని జోలికి వెళ్లరాదు. తీగలు పెడళ్ల వైపు వేలాడకుండా చూసుకోవాలి.

అవసరమా అని ఆలోచించాలి

సెల్‌ఫోన్‌కు ఇన్వర్టరు అక్కర్లేదు. సాకెట్‌లో పెట్టే యూఎస్‌బీ ఛార్జరు చాలు. టైప్-సీ ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్‌లకూ తగిన సామర్థ్యమున్న కారు ఛార్జర్లు దొరుకుతున్నాయి. 12 వోల్టులను 230కి పెంచి, ఛార్జరులో మళ్లీ తగ్గించే వృథా దీంతో తప్పుతుంది. ఇన్సులిన్ భద్రపరిచేందుకు నేరుగా 12 వోల్టులతో నడిచే శీతల పెట్టెలూ ఉన్నాయి. ఇవేవీ చాలనప్పుడే ఇన్వర్టరు కొనాలి. కొనేముందు పరికరం వాట్లు, సాకెట్ ఫ్యూజు, బ్యాటరీ ఆంపియర్-అవర్లు.. ఈ మూడు అంకెలను కాగితంపై రాసుకొని దుకాణానికి వెళ్తే డబ్బూ, దారిలో ఇబ్బందీ రెండూ తప్పుతాయి.