పిల్లల బొమ్మలు: పాటలు పాడే బొమ్మ కొంటే తెలివి పెరుగుతుందా? ఏ వయసుకు ఏ బొమ్మ మంచిదో తెలుసుకోండి

బటన్ నొక్కితే పాట పాడుతుంది. లైట్లు వెలుగుతాయి. ఏబీసీడీలు కూడా అదే చెబుతుంది. ఇలాంటి బొమ్మ కొనిస్తే పిల్లలు తొందరగా నేర్చుకుంటారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. తీరా చూస్తే రెండు రోజులు ఆడి, మూడో రోజుకి మూలన పడేస్తారు. మళ్లీ వంటింట్లోకి దూరి గిన్నెలు, గరిటెలతో ఆట మొదలుపెడతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. అన్నీ బొమ్మే చేసేస్తుంటే వాళ్లకు అక్కడ పనేముంటుంది? బొమ్మ ఎంత తక్కువ పని చేస్తే, చిన్నారుల బుర్రకు అంత ఎక్కువ పని దొరుకుతుంది. ఏ వయసులో ఏ బొమ్మ ఎలా పనికొస్తుందో, కొనే ముందు ఏం చూసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ఏడాది లోపు: గిలక్కాయ, గుడ్డ బంతి

పసిబిడ్డ గిలక్కాయ ఊపుతుంది, చప్పుడు వస్తుంది. మళ్లీ ఊపుతుంది, మళ్లీ వస్తుంది. 'నేను చేస్తే ఇది జరుగుతోంది' అని బిడ్డకు అర్థమయ్యేది ఇలాగే. చెంచా పదిసార్లు కింద పడేసి మీవైపు చూసినా అది అల్లరి కాదు. ఏం జరుగుతుందో పరీక్షించుకోవడమే.

కొంగు చాటున ముఖం దాచుకుని ఆడే దోబూచి కూడా ఈ వయసుకు మంచి పాఠం. కంటికి కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందన్న సంగతిని పసిపిల్లలు నెమ్మదిగా గ్రహిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే వివరించారు. ఆయన పరిశీలన ప్రకారం, సుమారు 8 నెలల లోపు పిల్లల ముందు బొమ్మ మీద గుడ్డ కప్పితే, అది లేనే లేదన్నట్టు ఊరుకుంటారు. తర్వాత తర్వాత గుడ్డ లాగి మరీ వెతుకుతారు. జ్ఞాపకశక్తి పెరుగుతోందనడానికి అదొక గుర్తు.

1 నుంచి 3 ఏళ్లు: దిమ్మలు, గిన్నెలు, పజిళ్లు

ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, చెక్క దిమ్మలు, తోపుడు బండి ఈ వయసుకు బాగుంటాయి. పెద్ద గిన్నె చిన్నదానిలో పట్టదు. దిమ్మ పక్కకు జరిగితే గోపురం కూలిపోతుంది. చిన్నది, పెద్దది, పైన, కింద అనే మాటలకు అర్థం చేతులతోనే తెలుస్తుంది.

పజిళ్ల మీద అమెరికాలోని షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య వయసున్న 53 మంది పిల్లలు ఇళ్లలో ఆడుకునే తీరును గమనించారు. పజిళ్లు ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్లకు ఆకారాలను మనసులో తిప్పి, జోడించి చూసే పరీక్షలో మెరుగ్గా చేశారు. తల్లిదండ్రుల చదువు, ఆదాయం లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా కనిపించింది. తర్వాతి రోజుల్లో లెక్కలకు, సైన్స్‌కు పనికొచ్చే నైపుణ్యం ఇది.

3 నుంచి 5 ఏళ్లు: లక్కపిడతలు, బొమ్మలాట

లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండి 'అమ్మమ్మా, తిను' అని పెట్టే ఆట తేలికైనదేం కాదు. ఇసుక అన్నం అవుతుంది, ఆకు విస్తరి అవుతుంది. ఒక వస్తువును మరోదానికి గుర్తుగా అనుకోవడం అన్నమాట. రేపు బడిలో 'అ' అనే గీత ఒక శబ్దానికి గుర్తని, '5' అనే అంకె ఐదు వస్తువులకు గుర్తని అర్థం చేసుకోవడానికీ కావాల్సింది ఇదే. డాక్టర్, బస్సు కండక్టర్, టీచర్ వేషాలు వేసినప్పుడు తమ వంతు వచ్చేదాకా ఆగడం, ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో ఊహించడం కూడా అలవడుతుంది.

బొమ్మ మాట్లాడితే మనం మాట్లాడటం మానేస్తాం

10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాలపై అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం 2016లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. బ్యాటరీతో మాట్లాడే బొమ్మలు ఇచ్చినప్పుడు తల్లిదండ్రులు నిమిషానికి సుమారు 40 మాటలు మాట్లాడారు. మామూలు బొమ్మలతో ఆడినప్పుడు అవి 56కి చేరాయి. పుస్తకాలు చూపిస్తూ ఆడించినప్పుడు 67 వరకు వెళ్లాయి. అంటే బొమ్మ నోరు తెరిస్తే పెద్దవాళ్లు నోరు మూసుకున్నారు. పిల్లలకు మాటలు వచ్చేది మనుషులు తమతో మాట్లాడుతుంటేనే కదా!

స్క్రీన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట దాటకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

బొమ్మలు ఎన్ని ఉండాలి?

గదినిండా బొమ్మలుంటే మంచిదనుకుంటే పొరపాటే. అమెరికాలోని టొలెడో యూనివర్సిటీ పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలు 36 మందిని గమనించారు. ముందు 16 బొమ్మలు ఉన్నప్పటి కంటే, నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. కాబట్టి ఉన్నవాటిలో కొన్ని అటక మీద పెట్టేయండి. వారానికోసారి మారిస్తే పాత బొమ్మే కొత్తగా అనిపిస్తుంది.

మన దగ్గర దొరికేవి

అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్క బొమ్మలు తెలిసినవే. అంకుడు కర్రతో చేసి, సహజ రంగులు కలిపిన లక్క పూత పూస్తారు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొంగరాలు, వంట సామాను లాంటివి చేత్తో పట్టుకుని ఆడుకోవచ్చు. కొండపల్లి బొమ్మలు మాత్రం ఎక్కువగా కొలువుకు, అలంకరణకు చేసేవి. వాటిని చూపిస్తూ కథలు చెప్పండి, కానీ అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకండి.

కొనే ముందు ఇవి చూడండి

* మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది.
* మూడేళ్ల లోపు పిల్లలకు సుమారు 3 సెంటీమీటర్ల కంటే చిన్న భాగాలు, ఊడివచ్చే కళ్లు, చక్రాలు ఉన్నవి వద్దు. గొంతులో అడ్డుపడతాయి.
* బటన్ బ్యాటరీ ఉంటే దాని మూతకు స్క్రూ ఉండాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.
* చిన్న అయస్కాంతాలు, పొడవాటి తాళ్లు ఉన్నవి కూడా ప్రమాదమే.

ఖర్చు లేని చిట్కా

స్టీల్ గిన్నెలు, అట్టపెట్టె, పాత చీర ముక్క చాలు, గంటసేపు ఆట సాగుతుంది. పక్కన కూర్చోండి, ఫోన్ దూరంగా పెట్టండి. 'ఇది ఎందుకు పడిపోయింది? ఇప్పుడేం చేద్దాం?' అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగండి. గోపురం కూలిన ప్రతిసారీ మీరే కట్టేయకండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. బొమ్మలు వైద్యానికి బదులు కావు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, వచ్చిన మాటలు ఆగిపోయినా 'వాళ్ల నాన్నకూ లేటుగానే మాటలొచ్చాయిలే' అని ఆగొద్దు. పిల్లల డాక్టర్‌కు చూపించండి.