నాన్న చేతి మీద రెండు మచ్చలు

మా నాన్న చేతి మీద రెండు టీకా మచ్చలున్నాయి. ఒకటి మశూచిది, రూపాయి బిళ్లంత. రెండోది బీసీజీది, శనగగింజంత. నాకు రెండోది మాత్రమే ఉంది. నేను పుట్టేసరికి మశూచి భూమ్మీదే లేదు కాబట్టి ఆ టీకాతో పని లేకపోయింది. అంటే మొదటి మచ్చ తను ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకుని వెళ్లిపోయింది. మరి రెండోది?

మా పాప పుట్టిన మర్నాడు సిస్టర్ వచ్చి ఎడమ భుజం మీద బీసీజీ వేసింది. పక్కనే ఉన్న అత్తయ్యగారు "ఇది వేశాక ఇంక టీబీ రానట్టేగా, బాబూ?" అని అడిగారు. "అంతేనండీ" అనేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే అనుమానం మొదలైంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది భుజాల మీద ఇదే మచ్చ ఉండి ఉంటుంది కదా. అలాంటప్పుడు ఈ టీకా చేసే పనేంటి? దాని చరిత్ర చదువుతూ పోతే నాకు అర్థమైంది ఇది: వందేళ్లలో బీసీజీ పెద్దగా మారలేదు. మారింది మనం దాని తరఫున ఇచ్చిన మాట. పెద్ద మాటతో మొదలై, దెబ్బలు తిని, చిన్న మాట దగ్గర ఆగింది. ఆ చిన్న మాట మాత్రం నిజం.

కథ మొదలైంది ఫ్రాన్సులోని లీల్ నగరంలో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో. ఆల్బర్ట్ కాల్మెట్ డాక్టరు, కెమీల్ గెరాన్ పశువైద్యుడు. ఆవులకి టీబీ తెచ్చే బాక్టీరియాని తీసుకుని, ఎద్దు పిత్తరసం, గ్లిజరిన్ పట్టించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచారు. సుమారు మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మార్చడం, మళ్లీ పెంచడం. 1908లో మొదలుపెడితే 1921 దాకా ఇదే పని. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, లీల్ జర్మన్ సైన్యం చేతిలోకి పోయినా ఆపలేదు. 13 ఏళ్లు, దాదాపు 230 మార్పిళ్లు. చివరికి ఆ బాక్టీరియా జంతువులకి జబ్బు తెప్పించడం మానేసింది. బాసిల్ కాల్మెట్ గెరాన్, పొట్టిగా బీసీజీ.

ఎందుకు మానేసిందో వాళ్లకి తెలీదు. 1990ల్లో జన్యువుల్ని పోల్చి చూస్తేగానీ తేలలేదు. అన్ని మార్పిళ్లలో ఎక్కడో ఒక ముక్క, ఇప్పుడు ఆర్‌డీ1 అంటున్నది, రాలిపోయింది. నా వృత్తి భాషలో చెప్పాలంటే, నడుస్తున్న కోడ్‌లోంచి ఒక మాడ్యూల్ పొరపాటున డిలీట్ అయింది, ఆ పొరపాటే ప్రోడక్ట్ అయింది. తర్వాత దేశదేశాల ల్యాబులు ఈ బాక్టీరియాని తీసుకెళ్లి, ఎవరికి వాళ్లు దశాబ్దాల పాటు అలాగే మారుస్తూ పెంచుకున్నారు. కాబట్టి పారిస్ బీసీజీ, డెన్మార్క్ బీసీజీ, టోక్యో బీసీజీ ఒకటే పేరున్న వేరు వేరు ఫోర్కులు.

1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకి మొదటిసారి ఇచ్చారు. తల్లి ప్రసవమైన కాసేపటికే టీబీతో చనిపోయింది. పెంచాల్సిన అమ్మమ్మకీ టీబీయే. అప్పట్లో సూది కాదు, నోట్లో చుక్కలు. బిడ్డకి జబ్బు రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లలో వేలాదిమంది పిల్లలకి ఇచ్చారు. టీబీ ఉన్న ఇళ్లలో కూడా టీకా వేసుకున్న పిల్లల చావులు బాగా తగ్గిపోయాయని కాల్మెట్ లెక్కలు చూపించాడు. 1928లో ఇంగ్లండు గణాంక శాస్త్రవేత్త మేజర్ గ్రీన్‌వుడ్ ఆ లెక్కల్ని ఉతికి ఆరేశాడు. టీకా వేయని పిల్లల్ని పక్కన పెట్టుకుని సరిగ్గా పోల్చకుండా, తగ్గింది టీకా వల్లే అని ఎలా అంటారన్నది అతని ప్రశ్న. టీకా చెడ్డదని అతను అనలేదు, రుజువు చాలదన్నాడు. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. ఆ తేడా తర్వాత మన దేశంలోనూ ఎవరికీ పట్టలేదు.

1930లో జర్మనీలోని లూబెక్‌లో ఘోరం జరిగింది. సుమారు 250 మంది పసిపిల్లలకి చుక్కలు వేస్తే 72 మంది టీబీతో చనిపోయారు. పారిస్ నుంచి వచ్చిన బీసీజీని పెంచిన ల్యాబులోనే అసలైన టీబీ బాక్టీరియా కూడా ఉందనీ, రెండూ కలిసిపోయాయనీ విచారణలో తేలింది. ఇద్దరు డాక్టర్లకి జైలు శిక్ష పడింది. టీకా నిర్దోషి అని తేలింది కానీ, ఆ నీడ పోలేదు. 1933లో చనిపోయే దాకా కాల్మెట్‌ని అది వదల్లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఒక టీబీ శానటోరియం ఉండేది. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ మొదలుపెట్టింది. మందుల్లేని రోజుల్లో టీబీకి వైద్యమంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి. మదనపల్లె గాలి అందుకే పేరుపడింది. 1948లో మన దేశంలో బీసీజీ తొలి అడుగులు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి. అదే ఏడు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకా తయారీ మొదలైంది. యూనిసెఫ్, స్కాండినేవియా రెడ్‌క్రాస్ సంస్థల సాయంతో జట్లు ఊళ్లలోకి వెళ్లాయి. ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష, అది నెగెటివ్ వస్తే టీకా.

1955లో రాజాజీ అడ్డం పడ్డారు. అంతకు ముందు ఏడాది దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నారో చెప్తూ ఇంగ్లీషులో ఓ చిన్న పుస్తకమే వేశారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంట్లోకి బతికున్న క్రిములు ఎక్కించడమేంటి, ఇది పని చేస్తుందని ఎక్కడ తేలింది అన్నది ఆయన వాదన. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ మాత్రం గట్టిగా టీకా పక్షం. ఇవాళ ఈ గొడవని టీకా వ్యతిరేకి ఒకవైపు, సైన్సు ఒకవైపు అని చదువుకోవడం తేలిక. నేనూ మొదట అలాగే చదివాను. కానీ రాజాజీ వాదనలో రెండు ముక్కలున్నాయి. ప్రమాదం గురించి ఆయన భయం తప్పు. ప్రయోజనం గురించి ఆయన ప్రశ్న తప్పు కాదు. దానికి జవాబు అప్పటికి మన దేశంలో ఎవరి దగ్గరా లేదు.

జవాబు వెతుకుతున్నవాళ్లు మాత్రం ఉన్నారు, మదనపల్లెలోనే. క్రిస్టియన్ కొడుకు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం 1950 నుంచి చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని రెండు వర్గాలుగా చేసింది, టీకా వేసినవాళ్లు, వేయనివాళ్లు. ఇళ్ల వెంట తిరిగి, ఎక్స్‌రేలు తీసి, కళ్లె పరీక్ష చేసి, దాదాపు 20 ఏళ్లు వెంటాడి లెక్క రాసింది. మంత్రికి నమ్మకం ఉంది, రాజాజీకి భయం ఉంది, వీళ్ల దగ్గర రిజిస్టర్లున్నాయి. తేలిందేంటంటే రక్షణ కొంత ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతోంది. అదే 1950లో మొదలైన బ్రిటన్ ట్రయల్‌లో, బడి చదువు ముగించే వయసు పిల్లల్లో రక్షణ 80 శాతం దాకా కనిపించింది.

ఈ తేడా తేల్చడానికి 1968లో తమిళనాడు చెంగల్పట్టు జిల్లాలో ఒక మహా ట్రయల్ మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా, కొందరికి బీసీజీ, కొందరికి ఉత్త ద్రావణం. ఏడున్నరేళ్ల తర్వాత వచ్చిన ఫలితం: పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీ నుంచి రక్షణ సున్నా. 15 ఏళ్ల ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. అదే మాట. మన నేలలో, నీళ్లలో టీబీ క్రిమికి దూరపు చుట్టాలైన బాక్టీరియా బోలెడు. టీకా నేర్పే పాఠం ఒంటికి అవి ముందే కొంత నేర్పేస్తాయనీ, అందుకే టీకా వల్ల అదనపు లాభం కనిపించదనీ బలమైన వాదన ఉంది.

మరి టీకా ఎందుకు ఆపలేదు? చెంగల్పట్టు కొలిచింది ప్రధానంగా కళ్లెలో క్రిమి కనిపించే ఊపిరితిత్తుల టీబీని. పసిపిల్లల్లో జబ్బు తీరు వేరు. వాళ్ల రోగనిరోధక వ్యవస్థ క్రిమిని ఊపిరితిత్తుల్లోనే కట్టిపడేయలేదు. అది రక్తంలో కలిసి మెదడు పొరల దాకా పోతే మెనింజైటిస్. ఒళ్లంతా కొర్రగింజల్లా చల్లుకుంటే మిలియరీ టీబీ. బతికినా చూపో, వినికిడో, తెలివో పోవచ్చు. పుట్టగానే వేసిన బీసీజీ టీ-కణాలకి శత్రువుని ముందే పరిచయం చేస్తుంది. అసలు క్రిమి వచ్చిన రోజున అవి త్వరగా చుట్టుముడతాయి. ఈ రెండు భయంకర రూపాల నుంచి రక్షణ 70 శాతానికి పైనేనని, ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసి 2006లో లెక్కగట్టారు.

అదీ ఆ చిన్న మాట. బీసీజీ ఊరి నుంచి టీబీని తరమదు, ఎందుకంటే జబ్బుని పంచేది దగ్గే పెద్దవాళ్లు. వాళ్లకి కావాల్సింది పరీక్ష, మందులు, తిండి, గాలాడే ఇల్లు. బీసీజీని పెద్ద కవచంగా చెప్పుకున్నన్నాళ్లూ ఆ పనులు కాస్త ఆగినా ఫర్వాలేదనిపిస్తుంది. చెంగల్పట్టు ఫలితం చూసి టీకా దండగ అనుకుంటే, మెదడుకి జబ్బు పాకే పిల్లల్ని వదిలేసినట్టవుతుంది. రెండు తప్పులకీ మూలం ఒకటే, దేని నుంచి, ఎవరికి, ఎన్నాళ్లు రక్షణ అని అడగకపోవడం.

నెల దాటాక పాప భుజం మీద చిన్న పొక్కు లేచి, చీము పట్టింది. అత్తయ్యగారు కంగారు పడ్డారు. అలాగే వస్తుందండీ, నొక్కకండి, దానంతటదే మానుతుంది అన్నాను. తర్వాత పాత జవాబు కూడా సరిదిద్దుకున్నాను. "టీబీ అసలు రాదని కాదండీ. చిన్నప్పుడు మెదడుకి పాకకుండా చాలావరకు కాపాడుతుంది. పెద్దయ్యాక రెండు వారాలు మించి దగ్గితే మనమే పరీక్ష చేయించాలి."

ఆవిడ కాసేపు ఆలోచించి, "మా అన్నయ్య అలాగే దగ్గేవాడు" అన్నారు. ఆ అన్నయ్య ఫోటో మాత్రమే చూశాను నేను. పొట్టి చేతుల చొక్కా వేసుకుని ఉంటాడు. భుజం కనిపించదు.