శాంతి దినాలు (ఎల్ సాల్వడార్)

పిల్లలకు టీకాలు వేయడానికి వీలుగా, యుద్ధంలో ఉన్న రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్న రోజుల్లో కాల్పులు ఆపడాన్ని ‘శాంతి దినాలు’ అంటారు. మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్ 1985లో ఈ పద్ధతికి దారి చూపింది.

అక్కడ ప్రభుత్వానికీ గెరిల్లాలకూ మధ్య అంతర్యుద్ధం 1980 నుంచి 1992 దాకా సాగి, దాదాపు 75 వేల మందిని బలిగొంది. పసివాళ్లనూ వదల్లేదు. 1981 డిసెంబరులో సైన్యం ఎల్ మొసోతే గ్రామాన్ని ఊచకోత కోసింది. 1992లో ఆ ఊరి చర్చి పక్కనున్న చిన్న కట్టడాన్ని తవ్వితే బయటపడ్డ అవశేషాల్లో 143 మందిని లెక్కతేల్చారు. వాళ్లలో 131 మంది పన్నెండేళ్ల లోపు పిల్లలే.

తూటాలకంటే ఎక్కువమంది పిల్లల్ని తట్టు, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి జబ్బులు పొట్టనపెట్టుకుంటున్నాయన్నది యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ వాదన. అధ్యక్షుడు హోసే నపోలియన్ దువార్తె ముందు ఆయన పెట్టింది ఈ లెక్కే. దువార్తె ఒప్పుకున్నాడు. మరి గెరిల్లాలతో మాట్లాడేదెవరు? ఆ పనిని కాథలిక్ చర్చి నెత్తినేసుకుంది. అంతకు ఐదేళ్ల ముందే ఆర్చిబిషప్ రొమేరోను పూజ చేయిస్తుండగా కాల్చి చంపారు. ఆయన స్థానంలోకి వచ్చిన రివెరా ఇ దామాస్ ఇరుపక్షాల మధ్య రాయబారం నడిపాడు.

ఒక్కరోజు విరామంతో పని తీరదు. పోలియో చుక్కలైనా, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి ఇచ్చే టీకా అయినా కనీసం నెలేసి ఎడంతో మూడు విడతలు పడాలి. అంటే ఆగిన యుద్ధం మళ్లీ మొదలయ్యాక కూడా, అనుకున్న రోజుకు మళ్లీ ఆగాలి. అలా ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 21, మూడు ఆదివారాలు ఖాయమయ్యాయి. మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి కాబట్టి, ఐసు కరిగేలోగా పెట్టెలు కొండపల్లెలకు చేరాలి. గెరిల్లాల అధీనంలోని ఊళ్లకు రెడ్‌క్రాస్ వెళ్లింది. రెండు లక్షలకు పైగా పిల్లలకు టీకాలు అందాయి.

దీంతో శత్రుత్వం చల్లారిందనుకోవడం పొరపాటు. అదే ఏడాది సెప్టెంబరులో గెరిల్లాలు దువార్తె కూతుర్నే ఎత్తుకెళ్లి, వారాల తరబడి బందీగా ఉంచారు. అయినా 1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరేదాకా టీకా దినాలు ఏటా జరుగుతూనే వచ్చాయి. ఈ ఏర్పాటులో అన్నిటికంటే మెచ్చుకోదగ్గది ఇదే: ఎదుటివాడి మీద రవ్వంత నమ్మకం లేకున్నా, పిల్లల విషయంలో ఆడిన మాట తప్పలేదు.

తర్వాత లెబనాన్, అఫ్గానిస్తాన్, శ్రీలంకల్లోనూ ఇలాంటి విరామాలు సాధ్యమయ్యాయి. సూడాన్‌లో 1989లో మొదలైన ‘ఆపరేషన్ లైఫ్‌లైన్’ టీకాలతో ఆగకుండా, ఇరుపక్షాల ప్రాంతాలకూ తిండిగింజలు చేరవేసింది.

గాజాలో పాతికేళ్ల తర్వాత ఒక పసిబిడ్డకు పోలియో సోకడంతో, 2024 సెప్టెంబరులో ప్రాంతాలవారీగా దాడులు ఆపించి, పదేళ్లలోపు పిల్లలు 5.5 లక్షల మందికి పైగా చుక్కలు వేశారు. రెండో విడత మాత్రం ఉత్తర గాజాలో బాంబుదాడుల వల్ల అనుకున్న రోజుకు సాగలేదు. నవంబరు దాకా వాయిదా పడింది. అప్పుడు కూడా అక్కడి కొన్ని చోట్లకు టీకా బృందాలు అడుగుపెట్టలేకపోయాయి.