మెగ్నీషియం బ్యాటరీ చరిత్రలో ఉస్మానియా

మెగ్నీషియం బ్యాటరీ కథను 2000లో ‘నేచర్’ పత్రికలో డోరాన్ ఔర్‌బాక్ బృందం ప్రకటించిన నమూనాతో మొదలుపెట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఘన ఎలక్ట్రొలైట్ల ప్రస్తావన వస్తే జపాన్, డెన్మార్క్‌ల పేర్లు చెబుతారు. తార్నాకలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఊసే ఎత్తరు.

పాలిఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో లవణాలు కలుస్తాయని 1973లో రైట్ బృందం చూపింది. అలా తయారైన మెత్తటి పొర బ్యాటరీలో ఘన ఎలక్ట్రొలైట్‌గా పనికొస్తుందని ఆ దశాబ్దం చివర ఆర్మాండ్ అన్నాడు. ఇదంతా తెలిసిందే. ఇక మెగ్నీషియమే ఎందుకంటే, ఘన సెంటీమీటరుకు మెగ్నీషియం 3,833 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తుంది, లిథియం రమారమి 2,060. అందుకే మెగ్నీషియంపై ఆశ.

1996లో ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగం నుంచి యు.వి. సుబ్బారావు బృందం ‘మెటీరియల్స్ లెటర్స్’లో ఒక వ్యాసం ప్రచురించింది. అదే పాలిమర్‌నూ మెగ్నీషియం నైట్రేటునూ ద్రావకంలో కరిగించి, పళ్లెంలో పోసి ఆరబెట్టి, పొరగా ఒలిచారు. ఒకవైపు మెగ్నీషియం, మరోవైపు అయోడిన్, కార్బన్ కలిపిన ముద్ద పెట్టి సెల్ నడిపారు. ఔర్‌బాక్ కంటే నాలుగేళ్ల ముందు మాట ఇది.

అలాగని మనవాళ్లే కనిపెట్టారంటూ చంకలు గుద్దుకోవడానికీ లేదు. అది ఒకసారి వాడి పారేసే సెల్. ఔర్‌బాక్‌ది మళ్లీ మళ్లీ ఛార్జి చేయగలిగేది. అసలు పేచీ ఇంకొకటి. వాళ్లు వాడిన, స్థిర వోల్టేజి పెట్టి కరెంటు ఎంత పడిపోతుందో చూసే వాగ్నర్ పద్ధతి, కరెంటును మోసేది అయాన్లని మాత్రమే చెబుతుంది. అవి మెగ్నీషియమా, నైట్రేటా అన్నది తేల్చదు. రెండు ఆవేశాలున్న మెగ్నీషియం పాలిమర్‌లోని ఆక్సిజన్లను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, ఎక్కువగా కదిలింది నైట్రేటే కావచ్చు. పైగా నైట్రేటు మెగ్నీషియం లోహంపై అయాన్లను దాటనివ్వని పొరను కడుతుంది. ఆ బృందంలోని జైపాల్ రెడ్డి 2002లో పీటర్ చూతో కలిసి ఇలాంటి పాలిమర్లలో అయాన్లు జంటకట్టడాన్ని పరిశీలించడం చూస్తే, ఈ ప్రశ్న వాళ్లకూ తట్టిందనే నా ఊహ.

ఇప్పటి సంగతి అంత మెచ్చుకోదగ్గదిగా లేదు. పాలిమర్ మార్చి, లవణం మార్చి, అదే వాగ్నర్ కొలతతో వ్యాసాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. 1996లో సరిపోయిన సాక్ష్యం ఇప్పుడు సరిపోదు. పోలికకు, డెన్మార్క్‌లోని ఆర్హస్ వాళ్ల మెగ్నీషియం బోరోహైడ్రైడ్–అమోనియా పదార్థం 80 డిగ్రీల సెల్సియస్ వద్ద సెంటీమీటరుకు 3.3×10⁻⁴ సీమెన్స్ వాహకత ఇచ్చింది. అమోనియా అణువే మెగ్నీషియానికి దారి సులువు చేస్తుంది. దానికీ లోటుంది: ఎక్కువ వోల్టేజి తట్టుకోలేదు, బలమైన కాథోడ్ పెడితే విచ్ఛిన్నమవుతుంది. మెగ్నీషియం పొర దాటి అవతల లోహంగా పేరుకుని, తిరిగి వెనక్కి రావడాన్ని చూపనిదే ఏ కొత్త పొరనూ మెగ్నీషియం వాహకమని ఒప్పుకోను, అది ఉస్మానియాదైనా ఆర్హస్‌దైనా.