చెరువుగట్టున పొగగొట్టం

మా సారంగాపూర్‌లో కరెంటు పోయినప్పుడల్లా నాకు హుస్సేన్‌సాగర్ జ్ఞాపకం వస్తుంది. నవ్వకండి, కారణం చెబుతాను.

1974లో మా మేనమామ నన్ను మొదటిసారి పట్నం తీసుకుపోయాడు. జగిత్యాలలో బస్సెక్కి, ఒళ్లు హూనమై దిగి, టాంక్‌బండ్ మీద నిలబడితే చెరువుగట్టున పొగగొట్టం కనిపించింది.

"గది చూడు బిడ్డా, కరెంటు పుట్టే ఇల్లు! గా బొగ్గు మండి, గీ చెరువు నీళ్లు అందితేనే పట్నంల బుగ్గ ఎలుగుతది" అన్నాడు మామ.

చార్మినార్ కంటే ఆ గొట్టమే నాకు గొప్పగా తోచింది. చార్మినార్‌కు పొగ రాదు కదా, మరి!

ఆ విద్యుత్ కేంద్రాన్ని 1920లో, ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో పెట్టారు. 1983లో మూతపడింది. 1995లో నేలమట్టం చేశారు. ఆ జాగాలో ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ఓ సినిమా హాలూ ఉన్నాయి.

సరిగ్గా ఇలాంటి కథే లండన్‌లోనూ నడిచింది. థేమ్స్ నది ఒడ్డున బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 1981లో మూతపడింది. దానికి రూపకల్పన చేసిన గైల్స్ గిల్బర్ట్ స్కాటే అక్కడి ఎర్ర టెలిఫోన్ పెట్టెకూ రూపకర్త. మనం మనదాన్ని కూల్చిన 1995లోనే, వాళ్లు తమదాన్ని చిత్రశాలగా మార్చే పనికి హెర్జోగ్, డి మ్యూరాన్ అనే స్విస్ వాస్తుశిల్పులను ఎంచుకున్నారు. యంత్రాలు తీసేశారు గాని గోడలూ పొగగొట్టమూ ఉంచారు. 2000 మే నెలలో 'టేట్ మోడరన్' తెరిచారు. ఒకప్పుడు టర్బైన్లు హోరెత్తిన హాల్లో నేడు జనం బొమ్మలు చూస్తూ తిరుగుతున్నారు.

వాళ్ల దగ్గర డబ్బుంది, నిజమే. ఊరి నడుమ పొగ పోవడమూ మంచిదే. తోటంటే నాకేమీ కోపం లేదు. నా బాధల్లా ఒకటే. మొన్నామధ్య మనవణ్ణి ఆ సినిమాకు తీసుకుపోయి, బయటికొచ్చాక, "ఇక్కడే కరెంటు పుట్టేదిరా" అన్నాను.

"ఏది తాతా?" అన్నాడు వాడు.

చూపించడానికి ఒక్క ఇటుకైనా లేదు. వాడి దృష్టిలో నేను అబద్ధాలకోరునైపోయాను.

ఇప్పుడు అదే ప్రశ్న మా గోదావరి దిక్కుకు వచ్చింది. 1971లో మొదలైన రామగుండం 62.5 మెగావాట్ల కేంద్రం 2024 జూన్‌లో ఆగిపోయింది. కొత్త కేంద్రాలు రావలసిందే, వద్దని ఎవరంటారు? కాని యాభై ఏళ్లకు పైగా దీపాలు వెలిగించిన ఆ కేంద్రం జ్ఞాపకంగా ఓ హాలో, కనీసం ఓ టర్బైనో ఊరి నడుమ నిలబెడితే బడిపిల్లలు చూస్తారు. అక్కడ చెమటోడ్చిన కార్మికుడు తన మనవడి చెయ్యి పట్టుకుని, "గిదే, నేను నడిపింది" అని చెప్పుకుంటాడు.

వాడైనా అబద్ధాలకోరు కాకుండా ఉంటే చాలు.