మైలు దాటని వెలుగు

1882 సెప్టెంబరు 4, మధ్యాహ్నం మూడు గంటలు. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లోని డ్రెక్సెల్ మోర్గాన్ బ్యాంకు ఆఫీసులో థామస్ ఎడిసన్ స్విచ్ వేశాడు. దీపాలు వెలిగాయి. అక్కడికి కూతవేటు దూరంలో, పెర్ల్ స్ట్రీట్ కేంద్రంలో 27 టన్నుల జంబో డైనమో తిరుగుతోంది.

ఆ కరెంటు నేల కింద నుంచి వచ్చింది. ఇరవై అడుగుల ఇనుప గొట్టం. లోపల అర్ధచంద్రాకారపు రాగి కడ్డీలు రెండు, ఒకదానికొకటి తగలకుండా చుట్టూ తాడు. మిగిలిన సందుల్లో కాచి పోసిన తారు మిశ్రమం. రాత్రిపూట వీధులు తవ్వి, గొట్టానికి గొట్టం అతుకుతూ ఆఫీసులదాకా తెచ్చారు. ఎంత ఓపిక! ఎంత ఆశ!

అయితే ఆ కరెంటు డీసీ, ఒకే దిశలో పారేది. దాని పుట్టుకలోనే శాపం ఉంది. దాని వోల్టేజీని సులువుగా పెంచి దించే సాధనం ఆనాడు లేదు. 110 వోల్టుల కరెంటు దూరం వెళ్లాలంటే రాగి లావెక్కాలి. లేదంటే శక్తి తీగలోనే వేడై హరించుకుపోతుంది. మైలు దాటేసరికి దీపం మసకబారేది.

దిశ మారుతూ పారే ఏసీకి వోల్టేజీని పెంచి దించే ట్రాన్స్‌ఫార్మర్ తోడుంది. ఎడిసన్‌కు పోటీగా నిలిచిన వ్యాపారి వెస్టింగ్‌హౌస్ ఆ దారి పట్టాడు. ఎడిసన్ మాత్రం తొలిచూలు బిడ్డను వదులుకోలేకపోయాడు. ఏసీ ప్రాణాంతకమని చాటే ప్రదర్శనలకు 1888లో తన ప్రయోగశాలలోనే చోటిచ్చాడు. మూగజీవాలు బలైపోయాయి. అంత పెద్ద మనసు అంత చిన్నదైపోయిన రోజులవి.

1890 జనవరి 2న పెర్ల్ స్ట్రీట్ కేంద్రం తగలబడింది. ఒకే ఒక్క డైనమో మిగిలింది. 1892లో కంపెనీల విలీనంతో జనరల్ ఎలక్ట్రిక్ ఏర్పడింది, సంస్థ పేరులోంచి ఎడిసన్ పేరు పోయింది. మరుసటి ఏడు షికాగో ప్రపంచ ప్రదర్శన వెస్టింగ్‌హౌస్ ఏసీతో వెలిగిపోయింది.

ఓడినా డీసీ కొనఊపిరితో బతికింది. మన్‌హాటన్ పాత భవనాల్లో లిఫ్టు మోటార్లు దాన్నే అడిగేవి. వాటి కోసమే పాత కేబుళ్లు నేల కింద దశాబ్దాలపాటు కాపు కాశాయి. చివరికి 2007 నవంబరు 14న, తూర్పు 40వ వీధిలో ఆఖరి కనెక్షన్‌ను కోసేశారు. 125 ఏళ్ల సరఫరా ఆగిపోయింది.

ఆ తర్వాత కూడా పాత లిఫ్టులు కొన్ని డీసీతోనే పైకి లేచాయి. వీధిలోంచి వచ్చేది ఏసీ. నేలమాళిగలో రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చి మోటారుకు అందించేది. నగరమంతా పారాలని ఎడిసన్ కలగన్న కరెంటు, మైలు సంగతి అటుంచి, ఆ భవనాల గడప కూడా దాటలేదు.